మూడో అంతస్తుకి మారుతున్న చిన్నికి

చిరంజీవి చిన్నికి నాన్న ఆశీస్సులు.

సామాను సర్దుకునే హడావుడిలో ఉంటావు కాబట్టి ఇది తీరిగ్గా చదువుకో. అపార్ట్‌మెంట్లో మన వల్ల ఇరుగుపొరుగుకి కలిగే ఇబ్బంది చాలావరకు మనకి తెలియదు. కుర్చీ జరిపితే నీ గదిలో చిన్న చప్పుడే, కింది గదిలో అదే పెద్దగా వినిపిస్తుంది. నీ బాత్రూంలో నీళ్ళు కారితే మరక పడేది వాళ్ళ పైకప్పుకి. నువ్వు సింకులో పోసిన నూనె నీ కంటి ముందు మాయమై, ఇంకెక్కడో గొట్టంలో గడ్డకడుతుంది. అందుకని "మాకేం వినపడటం లేదే" అనే మాటకి అక్కడ విలువ లేదు. అవతలివాళ్ళ గదిలో ఏం జరుగుతోందో ఆలోచించాలి, కుదిరితే అడిగి తెలుసుకోవాలి.

గొడవలు ఎక్కువగా చప్పుడుతోనే వస్తాయి కాబట్టి అక్కడే మొదలుపెడతాను. మాటలు, టీవీ గాలిలో పోయే చప్పుళ్ళు. తలుపు మూసి, సందులు పూడిస్తే చాలా తగ్గుతాయి. అడుగులు, కుర్చీ ఈడ్పు, కిందపడిన గిన్నె అలా కావు, నేరుగా స్లాబులోకి దిగిపోతాయి. కాంక్రీటు ఇలాంటి దెబ్బని బాగా మోసుకుపోతుంది. గోడల్లోంచి, స్తంభాల్లోంచి పక్కకీ, ఏటవాలుగా ఇంకో అంతస్తుకీ చేరుస్తుంది. ఒకసారి స్లాబులోకి దిగాక దాన్ని ఆపడం చాలా కష్టం, దెబ్బ తగిలే చోటే తగ్గించాలి. కింది వాళ్ళు సీలింగుకి ఎంత ఖర్చుపెట్టినా తేలిగ్గా రాని ఫలితం నీ కుర్చీ కాళ్ళకి ఫెల్ట్ ప్యాడ్లు (ఒత్తైన మెత్తటి గుడ్డ బిళ్ళలు) అంటిస్తే వస్తుంది.

అంటించడానికీ పద్ధతి ఉంది. కుర్చీని తలకిందులు చేసి, కాలి అడుగుభాగాన్ని తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వు. దుమ్ము మీద అంటిస్తే నాలుగు రోజుల్లో ఊడొస్తుంది. ప్యాడు కాలి అంచుకి ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికే ఉండాలి. బయటికి పొడుచుకొస్తే కుర్చీ జరిపినప్పుడల్లా అంచు లేచి పక్కకి జారిపోతుంది. గట్టిగా నొక్కి, ఒక రోజంతా కుర్చీని అలాగే వదిలెయ్యి. ఏటవాలు కాళ్ళకి ఇవి నిలవవు, తొడుగులా ఎక్కించే రకం తీసుకో. రెండు మూడు నెలలకోసారి తిప్పి చూస్తే వెంట్రుకలు, ఇసుక రేణువులు పట్టి ఫెల్టు గట్టిపడి కనిపిస్తుంది. అలా కనిపిస్తే మార్చెయ్యి. లేకపోతే చప్పుడు మళ్ళీ మొదలవుతుంది, నేలకి గీతలు కూడా పడతాయి.

నడకలో రెండు రకాల చప్పుళ్ళున్నాయి. గట్టి చెప్పుల టకటక మెత్తటి చెప్పులతో, తివాచీతో పోతుంది. మడమ నేలకి కొడుతూ నడిస్తే వచ్చే లోతైన ధబధబ పల్చటి తివాచీకి లొంగదు. దానికి మందపాటి మెత్తటి మ్యాటు వెయ్యాలి, లేదా మడమ మీద బరువు మోపకుండా నడవడం అలవాటు చేసుకోవాలి. నువ్వు రాత్రి పొద్దుపోయేదాకా ఫోను మాట్లాడుతూ గదంతా తిరుగుతావు కదా, కింద పడుకున్నవాళ్ళకి నీ మాటలు వినపడకపోవచ్చు, అడుగులు మాత్రం లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వినిపిస్తాయి. ఆ వేళ కూర్చుని మాట్లాడు.

పాటలకి సంబంధించి అసలు సమస్య బేస్. సన్నటి శబ్దాల్ని గోడ బాగానే ఆపుతుంది, బరువైన ధుంధుం మాత్రం గోడని కూడా కదిలిస్తూ దాటిపోతుంది. పక్కింట్లో పాట వినపడదు, ఆ ధుంధుం ఒక్కటే వినపడుతుంది. పాట మొత్తం వినపడటంకన్నా అదే ఎక్కువ విసుగు. స్పీకర్ని నేల మీదా ఉమ్మడి గోడకి ఆనించీ పెట్టకు, కింద మందపాటి ఫోమ్ ముక్క వెయ్యి. సెట్టింగుల్లో బేస్ తగ్గించు. టీవీలో నైట్ మోడ్ ఉంటే రాత్రిపూట పెట్టుకో, అది పేలుళ్ళని తగ్గించి మాటల్ని పైకి తెస్తుంది. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి శబ్దం సుమారు సగమైనట్టు అనిపిస్తుంది.

వాషింగ్ మెషిన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ముందువైపు తలుపున్న మెషిన్లకి రవాణాలో డ్రమ్ము కదలకుండా వెనక మూడు నాలుగు పొడవాటి బోల్టులు బిగించి పంపుతారు. అవి తియ్యకుండా నడిపితే మెషిన్ గదంతా గంతులేస్తుంది, లోపలి భాగాలూ దెబ్బతింటాయి. తీసిన బోల్టులు దాచిపెట్టు, ఇల్లు మారేటప్పుడు మళ్ళీ కావాలి. తర్వాత ఎదురెదురు మూలల మీద చేతులు పెట్టి నొక్కు. ఊగితే ఒక కాలు నేలకి ఆనలేదని అర్థం. కాలిని తిప్పుతూ ఎత్తు సరిచేసి, స్పిరిట్ లెవెల్ (వాలు ఉందో లేదో బుడగతో చూపించే పట్టీ) పెట్టి రెండు వైపులా చూసి, కాలి మీదున్న లాక్ నట్టుని మెషిన్ అడుగుకి ఆనేదాకా బిగించు. చాలామంది ఈ నట్టు వదిలేస్తారు. పది ఉతుకులకే కాలు మళ్ళీ వదులవుతుంది. రబ్బరు ప్యాడ్లు వేస్తే మంచిదే గానీ, లెవెల్ సరిగ్గా లేని మెషిన్‌ని అవి కాపాడలేవు. ఒక్క దుప్పటే వేస్తే నీళ్ళు పీల్చి ఒక పక్కకి ముద్దయిపోతుంది, దానికి తోడు ఇంకో రెండు మూడు బట్టలు వెయ్యి. స్పిన్ వేగం నిమిషానికి 1200 చుట్ల నుంచి 800కి తగ్గిస్తే బట్టలు ఆరడానికి ఇంకాస్త సేపు పడుతుంది, అదురు బాగా తగ్గుతుంది. చివరి స్పిన్ ఏ టైముకి వస్తుందో లెక్కేసుకుని మొదలుపెట్టు. రాత్రి తొమ్మిదింటికి వేస్తే కింది వాళ్ళకి నిద్రపట్టే వేళకి అది పరుగందుకుంటుంది.

గోడకి మేకులు, రంధ్రాల పని మొత్తం ఒక్కరోజులో అయ్యేట్టు చూసుకో. హామర్ డ్రిల్లు మోత కట్టడం అంతా పాకుతుంది, నాలుగు రోజులు రోజుకో రంధ్రం వేస్తే నాలుగు రోజులూ అందరికీ బాధే. ముందే అన్నిచోట్లా పెన్సిలుతో గుర్తులు పెట్టుకో. స్విచ్ బోర్డుకి సరిగ్గా పైనా కిందా, కుళాయికి తిన్నగా పైనా కిందా గుర్తు పెట్టకు, వైర్లు, గొట్టాలు సాధారణంగా ఆ దారిలోనే పోతాయి. ముందు రోజే కింది, పై, పక్క ఇళ్ళకి చెప్పు. చెప్పడం అంటే "రేపు డ్రిల్లింగ్ ఉంది" అనడం కాదు, "రేపు పదకొండు నుంచి పన్నెండు దాకా అనుకుంటున్నాం, మీకు వేరే వేళ అయితే బాగుంటుందా" అని అడగడం. పసిపిల్ల ఉన్న ఇల్లు, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే మనిషి అప్పుడే నీకు తెలుస్తారు.

ఇక నీళ్ళు. చప్పుడు ఆపేస్తే ఆగిపోతుంది, నీళ్ళు చేసిన నష్టం ఉండిపోతుంది, అందుకే ఇది నాకు ఇంకా ముఖ్యం. మెషిన్‌కి నీళ్ళొచ్చే గొట్టంలో కుళాయి తెరిచినంతసేపూ ఒత్తిడి ఉంటుంది. ఉతకడం అయిపోగానే కుళాయి కట్టెయ్యి, గొట్టం ఉబ్బినట్టో పగిలినట్టో కనిపిస్తే వెంటనే మార్చు, ఏమీ లేకపోయినా ఐదేళ్ళకి మార్చెయ్యి. ఒక రాత్రి ఊరెళ్ళినా ఇంటి మెయిన్ వాల్వు కట్టే వెళ్ళు.

కింది వాళ్ళు "మా బాత్రూం పైకప్పు చెమ్మగా ఉంది" అంటే వాదించకు, ఇలా చూడు. ఇంట్లో కుళాయిలన్నీ కట్టి, మీటరు అంకె రాసుకుని రెండు గంటలాగు. అంకె కదిలితే నీళ్ళొచ్చే లైనులో లీకు ఉంది, లేదా ఫ్లష్ ట్యాంకు కారుతోంది. ట్యాంకులో కాస్త రంగు కలిపి, ఫ్లష్ చెయ్యకుండా అరగంటాగి కమోడ్‌లో చూస్తే ఆ సంగతి తేలిపోతుంది. మీటరు కదలకపోయినా స్నానం చేశాక మరక పెరుగుతుంటే తప్పు టైల్స్ సందుల్లోనో, నహానీ ట్రాప్ (బాత్రూం నేల మీద నీళ్ళు పోయే జాలీ కింద ఉండే గిన్నె) చుట్టూనో, డ్రెయిన్ అతుకులోనో ఉంటుంది. అప్పుడు కింది వాళ్ళకి చెప్పి, ట్రాప్‌కి గుడ్డ బిరడా పెట్టి, నేల మీద రెండు సెంటీమీటర్ల నీళ్ళు నిలబెట్టి ఒక రోజు ఉంచుతారు. కింద మరక పెరిగితే కారుతున్నది నేలే. పెరగకుండా, బిరడా తీసి నీళ్ళు వదిలాకే పెరిగితే గొట్టం. ఈ తేడా తేల్చుకోకుండా టైల్స్ మీద తెల్ల సిమెంటు పూస్తే నెల తిరిగేలోపు మరక మళ్ళీ వస్తుంది.

ఇదే ట్రాప్ గురించి ఇంకొక్కటి. అందులో నిలిచే సుమారు 50 మిల్లీమీటర్ల నీళ్ళే మురుగు వాసనకీ బొద్దింకలకీ అడ్డు. వాడని బాత్రూంలో ఆ నీళ్ళు ఆవిరైపోతాయి. వారానికి ఒక చెంబు నీళ్ళు పొయ్యి.

వంటగది గొట్టంలో నూనె పొయ్యకు. వేడిగా ఉన్నప్పుడు జారిపోతుంది, కిందకి పోతూ చల్లబడి గొట్టం గోడలకి పట్టుకుంటుంది, మెతుకులన్నీ దానికి అంటుకుంటాయి. అన్ని అంతస్తులకీ ఒకటే నిలువు గొట్టం. అది కింద పూడుకుంటే పైవాళ్ళ నీళ్ళన్నీ అందరికన్నా కిందింటివాళ్ళ సింకులోంచి, బాత్రూంలోంచి పైకి తన్నుతాయి. పైన ఉన్న నీకు చివరిదాకా ఏమీ తెలియదు. గిన్నెని కాగితంతో తుడిచి కడుగు, మిగిలిన నూనె డబ్బాలో పోసి చెత్తలో వెయ్యి. తడి టిష్యూలు, శానిటరీ ప్యాడ్లు కమోడ్‌లో వెయ్యకూడదు, "ఫ్లష్ చెయ్యొచ్చు" అని ప్యాకెట్ మీద రాసి ఉన్నా సరే.

బాల్కనీలో కుండీలు పిట్టగోడకి బయటివైపు వేలాడదియ్యకు, గోడ మీద నిలబెట్టకు. 30 సెంటీమీటర్ల కుండీ నీళ్ళు పోశాక 20 కిలోలు దాటవచ్చు, గాలికి జారితే కింద ఎవరున్నారో చూసుకోదు. ప్రతి కుండీ కింద పళ్ళెం పెట్టి, నీళ్ళు పళ్ళెంలోకి దిగగానే పొయ్యడం ఆపు. ఏసీ నీళ్ళ గొట్టాన్ని గాల్లో వదిలెయ్యకుండా డ్రెయిన్ దాకా వాలుగా తీసుకెళ్ళమను, బొట్లు కింది రేకు మీద పడితే రాత్రంతా టిక్ టిక్ మంటుంది. బాల్కనీ కడిగేముందు కిందికి తొంగి చూడు, ఉతికిన బట్టలు ఆరేసి ఉండొచ్చు.

ఉమ్మడి చోట్ల గురించి ఎక్కువ చెప్పను, ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. మెట్ల మీదా కారిడార్లోనూ సైకిలు, అట్టపెట్టెలు, చెప్పుల స్టాండు పెట్టొద్దు. మంటలొస్తే దిగేది ఆ మెట్ల మీదుగానే, పొగలో ఏమీ కనపడదు, కాళ్ళకి ఏదైనా తగిలి పడ్డవాళ్ళ మీద వెనకవాళ్ళు పడతారు. మెట్లకి తలుపుంటే గాలి కోసమని రాయి అడ్డం పెట్టి తెరిచి ఉంచొద్దు, పొగని ఆపడానికే ఆ తలుపు. ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని మెట్ల దగ్గర గానీ, నీ ఇంటి గుమ్మం దగ్గర గానీ ఛార్జింగ్ పెట్టకు. లిథియం బ్యాటరీ అంటుకుంటే బయటికెళ్ళే దారే మూసుకుపోతుంది. దానితో వచ్చిన ఛార్జరే వాడు, నువ్వు మేలుకుని ఉన్నప్పుడే పెట్టు. చెత్త సంచిని ముడేసి, అడుగు తడిగా ఉంటే ఇంకో సంచిలో పెట్టి తీసుకెళ్ళు, లిఫ్టులో కారిన బొట్టు రోజంతా కంపు కొడుతుంది. పగిలిన గాజుని కాగితంలో చుట్టి పైన "గాజు" అని రాయి, సంచి ఎత్తేవాళ్ళ చేతులు తెగకుండా.

స్నేహితులు ఇంటికొచ్చే రోజు పక్కింటికి ముందే చెప్పి, ఎన్నింటికి ముగుస్తుందో కూడా చెప్పు. లోపల ఎంత నెమ్మదిగా ఉన్నా, వీడ్కోలప్పుడు లిఫ్టు ముందు పావుగంట నిలబడి నవ్వుకుంటారు చూడు, అందరూ నిద్రలేచేది దానికే. వీడ్కోలు తలుపు లోపలే చెప్పేసుకోండి.

చివరికి, నీకే ఇబ్బంది కలిగితే. పైనుంచి దబదబ వినిపించగానే పైవాళ్ళే అని నిర్ణయించుకోకు, చప్పుడు పక్క వరస నుంచి కూడా దిగి రావచ్చని చెప్పాను కదా. ఓ నాలుగైదు రోజులు ఏ టైములో, ఏ గదిలో, ఎలాంటి చప్పుడో రాసి పెట్టుకో. కోపం తగ్గాక, పగటిపూట, స్వయంగా వెళ్ళు. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకు. పదిమందిలో మాటపడ్డ మనిషి తప్పు దిద్దుకోవడానికి ముందు పరువు కాపాడుకోవాలని చూస్తాడు. "మీ ఇంట్లో గోల ఎక్కువగా ఉంది" అంటే ఎవరికైనా మనసు నొచ్చుకుంటుంది. "రాత్రి పదకొండు ప్రాంతంలో మా పడకగది పైన ఏదో ఈడ్చినట్టు వినిపిస్తోందండీ, మీ వైపు నుంచేనా, ఇంకెక్కడి నుంచైనా వస్తోందా తెలియడం లేదు" అంటే ఆలోచిస్తారు. ఒప్పుకుంటే ఒకరు పైన, ఒకరు కింద ఉండి ఫోనులో మాట్లాడుకుంటూ కుర్చీ జరిపి, తలుపు వేసి, నడిచి చూసుకోండి. పది నిమిషాల్లో ఏ చప్పుడు దేనిదో తేలుతుంది. ఎవరైనా నీ దగ్గరికి ఫిర్యాదుతో వచ్చినా ఇదే పద్ధతి. ముందు టైము అడుగు, తర్వాత కిందికెళ్ళి నీ చెవులతో విను.

దిగిన మొదటి వారంలోనే కింది ఇంటివాళ్ళ ఫోను నంబరు తీసుకుని, నీది ఇవ్వు. మెయిన్ వాల్వు ఎక్కడుందో చూసి పేరు రాసి అంటించు. నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు గొట్టం పగిలితే తాళం తీసి వాల్వు కట్టగలిగే మనిషి ఒకరు ఆ బిల్డింగులో ఉండాలి. అదెవరో నాకు కూడా చెప్పు.

ఇట్లు,
నాన్న