అచ్చుగుద్దినట్టు మళ్లీ తయారవ్వాలి: ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

నేను సాఫ్ట్‌వేర్ లైబ్రరీలను, అంటే చాలా ప్రోగ్రాంలు వాడుకునే రెడీమేడ్ కోడ్ భాగాలను, ప్యాకేజీ చేసే పనిలో ఉన్నాను. ఎవరో రాసిన సోర్స్ కోడ్ (మనుషులు చదవగలిగే ప్రోగ్రాం పాఠం) తీసుకుని, దానికి కావాల్సిన మిగతా లైబ్రరీలన్నీ సమకూర్చి, కంపైల్ చేసి (మెషీన్ నడపగలిగే రూపంలోకి మార్చి), ఒక్క కమాండుతో ఇన్‌స్టాల్ అయ్యేలా చేస్తాం. పైకి కనిపించే పని కాదు. కానీ మీ శాఖ ప్రజలకు అందించే అప్లికేషన్లన్నీ ఇలాంటి లైబ్రరీల మీదే నిలబడి ఉంటాయి. ఆ పునాది గురించి మీకొక విన్నపం చేసుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ చేయించుకున్నప్పుడు కంపెనీ నుంచి సోర్స్ కోడ్ తీసుకుంటుంది, సెక్యూరిటీ ఆడిట్ చేయిస్తుంది. మంచిదే. అయితే సర్వర్‌లో నడిచేది సోర్స్ కోడ్ కాదు, దాన్నుంచి తయారైన బైనరీ, అంటే మెషీన్ నడిపే ఫైలు. ఆడిట్‌లో చదివిన కోడ్ నుంచే ఆ బైనరీ వచ్చిందని ఎవరు సరిచూశారు? చాలా చోట్ల ఎవరూ సరిచూడరు. చూద్దామన్నా కుదరదు. అదే కోడ్‌ను ఇంకో మెషీన్‌లో బిల్డ్ చేస్తే, అంటే ప్రోగ్రాంగా తయారుచేస్తే, వేరే బైనరీ వస్తుంది కాబట్టి.

ఇది నాకు ఎలా తెలిసివచ్చిందో చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక కార్యాలయంలో నడుస్తున్న అప్లికేషన్ బాధ్యత మా బృందానికి వచ్చింది. తయారుచేసిన కంపెనీ ఒప్పందం ముగించుకుని వెళ్లిపోయింది. అందులో వాడిన ఒక లైబ్రరీలో లోపం బయటపడింది. సోర్స్ చేతిలోనే ఉంది, ఒక పూట పని అనుకున్నాం. తీరా తెరిచి చూస్తే డిపెండెన్సీల (అది ఆధారపడే మిగతా లైబ్రరీల) జాబితాలో పేర్లే ఉన్నాయి, వెర్షన్లు లేవు. ఒక లైబ్రరీ డౌన్‌లోడ్ లింకు పనిచేయడం లేదు. ఏ కంపైలర్ వాడారో ఎక్కడా రాసిపెట్టలేదు. అవతల లోపం సంగతి అందరికీ తెలిసిపోయింది, ఇవతల మా చేతిలో బిల్డ్ లేదు. ఆ రోజుల్లో పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

ఎలాగోలా బిల్డ్ అయ్యాక, లోపం సరిచేయకముందే, ఉన్నది ఉన్నట్టుగా తయారుచేసిన మా బైనరీని సర్వర్‌లో నడుస్తున్నదానితో పోల్చాం. హాష్‌లు, అంటే ఫైలులో ఏ కాస్త తేడా ఉన్నా మారిపోయే వేలిముద్రల్లాంటి సంఖ్యలు, కలవలేదు. డిఫోస్కోప్ అని ఒక టూల్ ఉంది, రెండు ఫైళ్లను పొరలు పొరలుగా విప్పి తేడా ఎక్కడుందో చూపిస్తుంది. దాంతో చూస్తే మొదటి తేడా బిల్డ్ చేసిన తేదీ, టైము. రెండోది అప్పట్లో ఆ పని చేసిన ఉద్యోగి హోమ్ ఫోల్డర్ పేరు, బైనరీ లోపల అలాగే ఉండిపోయింది. ఈ రెండూ తీసేశాం. అయినా ఒక ఫంక్షన్ దగ్గర తేడా మిగిలిపోయింది. కనెక్షన్ తెగితే ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలన్న సంఖ్య సోర్స్‌లో 3 ఉంది, నడుస్తున్న బైనరీలో 10 ఉంది. ఎవరో బిల్డ్ మెషీన్ మీదే చేత్తో మార్చి, దాన్ని సోర్స్‌లోకి ఎక్కించలేదు.

ఆ మార్పు వల్ల నష్టమేమీ జరగలేదు. బహుశా ఒత్తిడిలో ఉన్న ఒక ఇంజనీరు మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటాడు. కానీ ఆ సంఖ్య బదులు ఇంకేదైనా మార్చి ఉన్నా అంతే నిశ్శబ్దంగా, అన్నేళ్లూ నడిచేది. నా గుండెల్లో రాయి పడింది అప్పుడే.

ఒకే కోడ్ నుంచి వేర్వేరు బైనరీలు రావడానికి కారణాలు చాలా చిన్నవి. సీ భాషలో బిల్డ్ తేదీని ప్రోగ్రాంలో అతికించే మాక్రోలున్నాయి. జీజిప్ అనే కుదించిన ఫైలు తన తలభాగంలో టైము రాసుకుంటుంది. ఫోల్డర్‌లోని ఫైళ్లను ఆపరేటింగ్ సిస్టమ్ ఏ వరుసలో ఇస్తే ఆ వరుసలోనే లింక్ చేసే బిల్డ్ స్క్రిప్టులున్నాయి, ఆ వరుస మెషీన్‌ను బట్టి మారుతుంది. టైమ్‌జోన్, భాష సెట్టింగు, ఆ మెషీన్ ప్రాసెసర్‌కు తగ్గట్టు కోడ్ తయారుచేయమనే కంపైలర్ ఆప్షన్, అన్నీ తలా కాస్త మారుస్తాయి.

వీటన్నిటికీ మందులు ఇప్పటికే ఉన్నాయి. డెబియన్ అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు 2013 నుంచి ఈ పని పట్టుకుని ఉన్నారు. ఒక్కో ప్యాకేజీని రెండుసార్లు బిల్డ్ చేస్తారు, రెండోసారి కావాలనే గడియారాన్ని ఏడాదికి పైగా ముందుకు జరుపుతారు, మెషీన్ పేరు మారుస్తారు, భాష మారుస్తారు. అయినా అచ్చుగుద్దినట్టు ఒకే ఫలితం రావాలి. తేదీ సమస్యకు సోర్స్ డేట్ ఇపాక్ అనే ఒక వేరియబుల్ పెట్టారు. ‘ఇప్పుడు టైమెంత’ అని గడియారాన్ని అడగకుండా, సోర్స్ చివరిసారి మారిన తేదీనే వాడమని టూల్స్‌కు అది చెబుతుంది. నెట్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ 2017లోనే ఈ మెట్టు ఎక్కింది.

ప్యాకేజీ మేనేజర్, అంటే లైబ్రరీలను సమకూర్చి ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాం, దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్తుంది. 2006లో ఈల్కో డోల్‌స్ట్రా తన పీహెచ్‌డీ పరిశోధనలో వివరించిన నిక్స్, అదే దారిలో 2012లో మొదలైన గీక్స్, రెండిటి పద్ధతీ ఒకటే. లైబ్రరీ తయారీకి ఏమేం కావాలో, అంటే సోర్స్, దాని హాష్, కంపైలర్, ప్రతి డిపెండెన్సీ, ప్రతి ఆప్షన్, అన్నీ ఒక రెసిపీలో రాసి ఉండాలి. బిల్డ్ ఒక మూసిన గదిలో జరుగుతుంది. ఇంటర్నెట్ ఉండదు, రెసిపీలో రాయనిదేదీ కంటికి కనపడదు. హాష్ ముందే చెప్పిన సోర్స్ ఫైళ్లను మాత్రమే బయటినుంచి తెచ్చుకోనిస్తుంది. మాకు ఎదురైన ‘ఏ కంపైలరో తెలియదు’ అన్న సమస్య ఇక్కడ పుట్టనే పుట్టదు, ఎందుకంటే చెప్పకపోతే బిల్డే కాదు. ఇంత చేసినా తేదీల్లాంటి తేడాలు కొన్ని జారిపోతాయి, వాటిని విడిగా పట్టుకోవాలి. కానీ వెతకాల్సిన చోటు చాలా కుంచించుకుపోతుంది.

సోర్స్ ఫైళ్ల కాపీ మన దగ్గర ఉండాలన్నది కూడా చిన్న విషయం కాదు. 2023 జనవరి 30న సోర్స్ కోడ్‌ను ఉంచే గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌లో సోర్స్ ఆర్కైవ్‌లను (ఫైళ్ల మూటలను) కుదించే పద్ధతి మారింది. లోపలి ఫైళ్లలో ఒక్క అక్షరం మారలేదు, మూట కట్టిన తీరు మారింది. దాంతో హాష్‌లు మారి, వాటిని సరిచూసుకునే బిల్డ్‌లు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. గిట్‌హబ్ ఆ మార్పును వెనక్కి తీసుకుంది. ప్రజలకు అందే సేవ ఒకటి ఇంకొకరి సర్వర్‌లో జరిగే ఇలాంటి మార్పు మీద ఆధారపడి ఉండకూడదు.

సంతకం చేసిన సాఫ్ట్‌వేరే తీసుకుంటున్నాం కదా అని మీ అధికారులు అనవచ్చు. డిజిటల్ సంతకం ఎవరు ఇచ్చారో చెబుతుంది, ఏ కోడ్ నుంచి వచ్చిందో చెప్పదు. 2020లో బయటపడ్డ, సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీపై జరిగిన దాడిలో దొంగలు చొరబడింది బిల్డ్ వ్యవస్థలోకే. కంపైల్ అయ్యే సమయంలో ఫైలు మార్చారు. ఆ అప్‌డేట్ కంపెనీ అసలు సంతకంతోనే సుమారు 18,000 సంస్థల దాకా వెళ్లింది. వేరే చోట స్వతంత్రంగా ఇంకో బిల్డ్ చేసి హాష్ పోల్చి ఉంటే తేడా తెలిసేది.

ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీ ఉదంతం ఇంకో రకం. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు రిమోట్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి, ఎందుకని తవ్వితే, ఆ కుదింపు లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి బయటపడింది. దాన్ని మేల్కొలిపే స్క్రిప్టు విడుదల చేసిన ఆర్కైవ్‌లో మాత్రమే ఉంది, అందరూ చూసే రిపాజిటరీలో, అంటే కోడ్ మార్పులన్నీ నమోదయ్యే చోట, లేదు. ఇక్కడ ఉన్నమాట చెప్పాలి. ఆ ఆర్కైవ్‌ను ఎన్నిసార్లు బిల్డ్ చేసినా అదే విషం అచ్చుగుద్దినట్టు వచ్చేది. అందుకే విడుదల మూటను కాకుండా అసలు రిపాజిటరీనే మొదలుగా తీసుకుని బిల్డ్ చేయాలని అడుగుతున్నాను.

కంటైనర్ ఇమేజ్ (ప్రోగ్రాంను, దానికి కావాల్సినవన్నీ కలిపి కట్టిన మూట) ఇచ్చేస్తాం, సరిపోదా అని కంపెనీలు అంటాయి. సరిపోదు. ఇమేజ్ ఫలితాన్ని భద్రపరుస్తుంది, తయారీని కాదు. లోపల ‘కొత్త వెర్షన్ తెచ్చుకో’ అన్న లైను ఒక్కటి ఉన్నా రేపు చేసిన ఇమేజ్ ఇవాళ్టిదానిలా ఉండదు. కోడ్ మా వ్యాపార రహస్యం అనే అభ్యంతరం కూడా వస్తుంది. దాన్ని నేను గౌరవిస్తాను. కోడ్‌ను లోకానికి చూపించనక్కర్లేదు, గోప్యత పాటించే రెండు వేర్వేరు బృందాలు విడివిడిగా బిల్డ్ చేసి హాష్‌లు ప్రకటిస్తే చాలు.

కాబట్టి నేను కోరేది ఇది. ఇకమీదట టెండర్లలో సోర్స్ కోడ్‌తో పాటు పూర్తి రెసిపీని, ప్రతి డిపెండెన్సీ వెర్షన్, హాష్ ఉన్న లాక్ ఫైల్‌ను తప్పనిసరి చేయండి. వాటి సోర్స్ కాపీలను శాఖ సొంత ఆర్కైవ్‌లో ఉంచండి. కంపెనీతో సంబంధం లేని బృందం ఇంటర్నెట్ లేని మెషీన్‌లో బిల్డ్ చేసి అదే బైనరీ తెచ్చాకే చివరి విడత చెల్లింపు జరగనివ్వండి. ఇప్పటికే నడుస్తున్న వాటన్నిటినీ ఒక్కసారిగా మార్చమని అడగను, అది పెద్ద పని. లాగిన్, చెల్లింపులు, రికార్డులు చూసే లైబ్రరీలతో మొదలుపెట్టండి.

ఇది సాధ్యమేనా అని మీకు సందేహం ఉంటే, మీ శాఖ అప్లికేషన్లలో ఏదైనా ఒకటి మీరే ఎంచి, దాని సోర్స్, సర్వర్‌లో నడుస్తున్న బైనరీ హాష్ మాకు ఇప్పించండి. మీ అధికారుల ఎదుటే రెండు మెషీన్లలో బిల్డ్ చేసి పోల్చి చూపిస్తాం. కలవకపోతే, ఏ ఫైలులో ఎక్కడ కలవలేదో డిఫోస్కోప్ నివేదికతో సహా మీ బల్ల మీద పెడతాం. ఇందుకు మేం రుసుమేమీ అడగం. తేదీ చెప్పండి, వస్తాం.

భవదీయుడు,
ఒక ప్యాకేజీ నిర్వాహకుడు