కాఫీ బస్తాకు తోట చిరునామా: ఖర్చు ఎవరిది?

సంపాదకులకు,

అరకు, పాడేరు కాఫీ గురించి ఎవరు రాసినా 2017లో పారిస్‌లో తెరిచిన దుకాణం దగ్గరో, 2019లో వచ్చిన భౌగోళిక గుర్తింపు దగ్గరో ఆగిపోతున్నారు. ఇక మీదట ఆ కాఫీ యూరప్ రేవులో దిగాలంటే రుచి ఒక్కటే సరిపోదు. అది పండిన తోట అక్షాంశ, రేఖాంశాలు కూడా సరుకు వెంట వెళ్లాలి. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టి వేసిన తోటల కాఫీని అమ్మకూడదని యూరోపియన్ యూనియన్ 2023లో చట్టం చేసింది. రెండుసార్లు వాయిదా వేశాక, పెద్ద, మధ్యతరహా కంపెనీలకు 2026 డిసెంబరు 30, చిన్నవాటికి 2027 జూన్ 30 గడువు పెట్టింది. మొదటి గడువు సరిగ్గా మన్యంలో పండ్ల కోత మధ్యలో పడుతుంది. భారత్‌ను 2025 మేలో ‘తక్కువ ముప్పు’ దేశాల్లో చేర్చారు కాబట్టి మనకు ఇబ్బంది లేదని కొందరు అంటున్నారు. దానివల్ల తేలికయ్యేది అక్కడి దిగుమతిదారు పని. తోట వివరాలు ఇక్కడి నుంచి ఇవ్వాల్సిందే.

తోట 4 హెక్టార్ల లోపైతే ఒక్క పాయింటు, అంటే ఒక చోటి అక్షాంశ, రేఖాంశాలు చాలు. అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే వ్యక్తిగత పట్టా పరిమితి కూడా 4 హెక్టార్లే కాబట్టి, ఆ పట్టా ఉన్న తోటల చుట్టూ సర్వేయర్లను తిప్పనక్కర్లేదు. రిజర్వు ఫారెస్టును ఆనుకుని ఉన్న తోటలకు మాత్రం హద్దు నడిచి గీయించడం మేలు, పక్కకు జరిగిన పాయింటు అడవిలో పడితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది రైతే.

పాయింటులో దశాంశం తర్వాత ఆరు అంకెలు ఉండాలంటుంది చట్టం. ఆరో అంకె విలువ నేల మీద 11 సెంటీమీటర్లు. సిల్వర్ ఓక్ నీడలో మామూలు ఫోను చేసే తప్పు పది మీటర్లు దాటుతుంది! అయినా రాయక తప్పదు. ఫోను తీయగానే కనిపించిన అంకె రాసుకోకుండా, తోటలో ఆకాశం కనిపించే సందు చూసుకుని, రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబడి, తెర మీద చూపించే తప్పు 5 మీటర్ల లోపుకు దిగాక నమోదు చేయాలి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, ఊళ్లోకి వచ్చాక పంపుకోవచ్చు. ఎవరింటి అరుగు మీదో కూర్చుని పది తోటలకు ఒకే పాయింటు కొడితే తనిఖీలో మొదట పట్టుబడేది అదే.

తర్వాతి తప్పులు కంప్యూటర్ దగ్గర జరుగుతాయి. అక్షాంశం 18, రేఖాంశం 82 తారుమారైతే అరకు తోట ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. 18 డిగ్రీల 20 నిమిషాల 30 సెకన్లను 18.2030 అని రాస్తే తోట 15 కిలోమీటర్లు దక్షిణానికి జరుగుతుంది (రాయాల్సింది 18.341667). ఎక్సెల్ చివరి సున్నాలను మింగేస్తే ఆరంకెలు నాలుగై ఫైలు తిరిగొస్తుంది.

ఇంతకంటే చిక్కు నీడ తోటలది. చెట్ల కింద పెరిగే కాఫీని ఉపగ్రహ పటం అడవిగానే చూపిస్తుంది. 2020 నాటి అటవీ పటం ఒకటి యూరోపియన్ కమిషన్ దగ్గరే ఉంది. దానికి చట్టబద్ధత లేకపోయినా కొనుగోలుదారులు దాన్ని చూసే జంకుతారు. ఇలాంటప్పుడు అక్కరకొచ్చేది అటవీ హక్కు పట్టాయే. ఆ పట్టా ఇచ్చారంటే 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ ఆ నేల గిరిజనుల అనుభవంలో ఉందని అర్థం. పోడు భూమిలో 2020 తర్వాత కాఫీ వేసినా అది అడవి నరకడం కాదు. సహజమైన అడవి కింద పొదలు కొట్టి కొత్తగా మొక్కలు నాటిన చోట్లు వేరు. వాటిని ఇప్పుడే విడదీసి, ఆ సరుకును దేశీయ మార్కెట్‌కు పంపాలి. కాఫీ తోటల విస్తరణ లక్ష్యాల కోసం ఈ తేడాను కప్పిపుచ్చితే నష్టపోయేది పాత తోటల వాళ్లు.

పట్టాల్లోనూ సరిచేయాల్సినవి ఉన్నాయి. 2022 ఏప్రిల్‌కు ముందు ఇచ్చినవాటి మీద విశాఖపట్నం జిల్లా అని ఉంటుంది, ఇప్పుడు అది అల్లూరి సీతారామరాజు జిల్లా. చట్ట ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. భర్త పేరే ఉండి, అతను పోయాక వారసత్వం ఎక్కించకపోతే బ్యాంకు ఖాతాకూ తోటకూ పేరు కలవదు.

సరుకు కలిసిపోవడం అసలు ప్రమాదం. తెలిసిన యాభై తోటల పండ్లు ఒకే పల్పింగ్ (పండ్ల తోలు తీసే) తొట్టిలో పడినా ఫర్వాలేదు, యాభై పాయింట్లూ జాబితాలో ఉంటే చాలు. ఊరూ పేరూ తెలియని బస్తా ఒక్కటి చేరితే లాటంతా ఆగిపోతుంది. ఒక కంటెయినర్‌లో 60 కిలోల బస్తాలు 320 పడతాయి, అంటే 19.2 టన్నులు. ఇంటికి 100 కిలోల గింజలు వస్తాయనుకుంటే 192 ఇళ్ల కాఫీ అది. కాబట్టి తూకం దగ్గరే రైతు కోడ్, తోట కోడ్, తేదీ, పండ్ల బరువు చీటీ మీద రాసి బస్తాకు కుట్టాలి. సుమారు ఆరు కిలోల పండ్లకు కిలో గింజలు. ఈ లెక్కకు మించి ఒక తోట పేరున సరుకు కనిపిస్తే పక్క ఊరి బస్తా వచ్చి చేరినట్టే.

రైతు సంతలో దళారికి పార్చ్‌మెంట్ (పొట్టుతో ఎండబెట్టిన గింజలు) ఎందుకు అమ్ముతాడు? అక్కడికక్కడే డబ్బు చేతిలో పడుతుంది కాబట్టి. సొసైటీ డబ్బు వారాల తర్వాత వస్తే ఏ యాప్ పెట్టినా సరుకు సంతకే పోతుంది. తోట చిరునామా నిలవాలంటే ముందు కావాల్సింది కొనుగోలు రోజున చెల్లించే పెట్టుబడి నిధి.

ఉత్పత్తి దేశాలతో కలిసి పనిచేయాలని, చిన్న రైతులనూ స్థానిక తెగలనూ పట్టించుకోవాలని ఆ చట్టంలోని 30వ అధికరణమే చెబుతోంది. విదేశీ డబ్బు ఈ కొండలకు కొత్తేమీ కాదు, ఫ్రాన్స్‌కు చెందిన లైవ్‌లీహుడ్స్ కార్బన్ నిధి నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ద్వారా ఇక్కడ లక్షల చెట్లు నాటించింది. కాఫీ బోర్డు, గిరిజన సహకార సంస్థ (జీసీసీ), సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కలిసి 30వ అధికరణాన్ని చూపించి, యూరోపియన్ యూనియన్‌ను కొనుగోలు పెట్టుబడినీ, తోటలు కొలిచే గిరిజన యువతకు కూలినీ అడగాలి. కన్సల్టెంట్ల నివేదికలు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి.

ఒక షరతు మాత్రం వదులుకోకూడదు. తోట వివరాలు ఒక్క ఎగుమతిదారు యాప్‌లోనే ఉంటే రైతు అతనికే అమ్మాలి, ధర అతను చెప్పిందే. వివరాల అసలు ప్రతి కాఫీ బోర్డు దగ్గర, నకలు గ్రామసభలో, తోట కోడ్ ఉన్న కార్డు రైతు చేతిలో ఉండాలి. వానలు పట్టాక కొండ దారుల్లో కొలతలు సాగవు. కోత ముగిశాక మార్చి నుంచి మే వరకు దొరికే మూడు నెలలే ఈ పనికి వీలు.

– మన్యం కాఫీ కొనుగోలు, తోటల నమోదు పనుల్లో ఉన్నవారి తరఫున, పాడేరు