ముల్లు మధ్యకు రావాలిరా

అనకాపల్లి,
జనవరి 18

ఒరేయ్ సత్యం,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మొన్న రాత్రి నీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఇలాంటివి ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. బండి దగ్గరకు పట్టుకెళ్ళి చూసుకోవడానికి ఉంటుందని కాగితం మీద పెడుతున్నాను. పొడుగే అవుతుంది, టీ పెట్టించుకుని చదువు.

ఆదిలాబాద్ చలిలో పొద్దున్నే స్కూలుకి బయల్దేరితే కారు అద్దాలన్నీ లోపలి నుంచి మసకేస్తున్నాయి, తుడిచిన రెండు నిమిషాలకే మళ్ళీ ఆవిరి పడుతోంది, హీటర్ పెడితే గోరువెచ్చటి గాలే వస్తోంది, డాష్‌బోర్డు మీద ఇంజిన్ టెంపరేచర్ ముల్లు పావు వంతు దాటడం లేదు అన్నావు. ఇదంతా విని మీ మేస్త్రి "ఇంజిన్ చల్లగా ఉంటే మంచిదే కదా సార్" అన్నాడట. ఆ మాట దగ్గరే నాకు భయం వేసింది. ఎందుకంటే అదే నమ్మకంతో నేను మూడేళ్ళు బండి తోలాను.

కిందటి నెలాఖరులో పిల్లలు మంచు చూడాలని గొడవ చేస్తే లంబసింగి వెళ్ళాం. దాన్ని కొర్రబయలు అని కూడా అంటారు, విన్నావు కదా. సముద్రానికి వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది, డిసెంబరు, జనవరిలో అక్కడి చలి మన మైదానం మనుషులకు కొత్తగానే ఉంటుంది. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కాం. బండిలో ఐదుగురం, అద్దాలన్నీ బిగించేశాం. రెండు మలుపులు తిరిగేసరికి ముందు అద్దం లోపలి వైపు పాలు పోసినట్టు తెల్లగా అయిపోయింది. హీటర్ పూర్తిగా ఎరుపు వైపు తిప్పాను, ఫ్యాన్ నాలుగులో పెట్టాను. వచ్చిన గాలి చల్లగా లేదంతే, దాన్ని వేడి అనలేం. మీ వదిన తువ్వాలుతో తుడుస్తూనే ఉంది. ఒక మలుపులో పైనుంచి బస్సు దిగుతోంది. నాకు బస్సు కనపడలేదురా, అద్దం మీద పసుపు రంగు మరక ఒకటి పెద్దదవుతున్నట్టు కనపడింది. పక్కకు లాగి ఆపేశాను. తర్వాత అద్దాలు దించుకుని, పిల్లలకు దుప్పట్లు కప్పి, వణుకుతూ పైకి చేరాం. అక్కడి చెరువులవేనం కొండ మీద మేఘాలు చూసి పిల్లలు ఎంత సంతోషపడ్డారో చెప్పలేను, కానీ నా మనసంతా తిరుగు ప్రయాణం మీదే ఉంది.

దిగేటప్పుడు ముల్లు మీద కన్నేశాను. ఘాట్ దిగుతుంటే అది దాదాపు అడుగుకు పడిపోయింది. కొంతవరకు అది సహజమే. యాక్సిలరేటర్ మీద కాలు తీసి గేర్లో దిగుతుంటే డీజిల్ పడదు, వేడి పుట్టదు. కానీ కిందకొచ్చాక కూడా, ఖాళీ రోడ్డు మీద 70లో వెళ్తున్నంతసేపూ అది పావు దగ్గరే ఉంది. నర్సీపట్నం ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఇరుక్కుంటే మెల్లగా పైకి పాకింది. మళ్ళీ రోడ్డెక్కి వేగం అందుకోగానే పడిపోయింది.

నువ్వు ముందు చూసుకోవాల్సింది ఇదే. ఆగి ఉంటే ముల్లు లేస్తుంది, పరిగెడితే పడిపోతుంది. అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, ఇంజిన్ వేడెక్కకముందు నుంచే రేడియేటర్‌కి పోతోందని అర్థం. గాలి తగిలినంతసేపూ రేడియేటర్ దాన్ని చల్లారుస్తూనే ఉంటుంది. అలా పోకుండా ఆపాల్సింది థర్మోస్టాట్ వాల్వ్. సైన్సు మాస్టారివి, నీకు చెప్పాల్సిన పని లేదు, అయినా రాస్తున్నాను. దాని మధ్యలో చిన్న ఇత్తడి గూటిలో మైనం ఉంటుంది. 80ల్లోకి వచ్చేసరికి ఆ మైనం కరిగి ఉబ్బి, స్ప్రింగును నెట్టి దారి తెరుస్తుంది. అందాకా కూలెంట్ ఇంజిన్‌లోనూ హీటర్ పైపుల్లోనూ మాత్రమే తిరుగుతుంది. అది తెరుచుకుని అలాగే బిగుసుకుపోతే ఇంజిన్‌కి వేడి నిలవదు, హీటర్‌కీ వేడి దొరకదు. నీ రెండు బాధలకూ మూలం ఒకటే అయ్యే అవకాశం ఎక్కువ.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే, బండి పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు బానెట్ ఎత్తాను. ముందు కూలెంట్ మట్టం చూశాను. అది తక్కువైతే హీటర్‌కి నీళ్ళు అందవు, వేడిని కొలిచే సెన్సర్ గాలిలో ఉండి తప్పు లెక్క చూపిస్తుంది. మట్టం సరిగ్గానే ఉంది. కానీ రంగు చూస్తే ప్రాణం ఉసూరుమంది, ఆకుపచ్చగా ఉండాల్సింది ఇటుక రంగులో ఉంది. ఎవరో బోరు నీళ్ళు పోసేశారు.

తర్వాత బండి స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ పైపు మీద చెయ్యి పెట్టాను. వాల్వ్ బాగుంటే ఆ పైపు చాలాసేపు చల్లగా ఉండి, ఆ తర్వాత ఉన్నట్టుండి చెయ్యి పెట్టలేనంత వేడెక్కాలి. నాది మూడో నిమిషం నుంచే గోరువెచ్చబడి, ఇంజిన్‌తో పాటే మెల్లగా వేడెక్కుతూ పోయింది. నువ్వూ ఇది చేసి చూడు, ఖర్చేమీ లేదు. కాకపోతే ఫ్యాన్, బెల్టుల వైపు చెయ్యి పోనివ్వకు, ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఎప్పుడైనా తిరగడం మొదలుపెడుతుంది. బండి వేడి మీద ఉన్నప్పుడు రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకు. కుక్కర్ విజిల్ తియ్యకుండా మూత లాగడం లాంటిది అది.

ముల్లునే నమ్మలేక, స్టీరింగ్ కింద గుచ్చి బండి కంప్యూటర్ లెక్కలు ఫోన్లో చూసుకునే చిన్న ఓబీడీ పరికరం ఒకటి తెచ్చాను. స్టార్ట్ చెయ్యకముందు కూలెంట్ 19 డిగ్రీలు చూపించింది, బయట చలి కూడా ఇంచుమించు అంతే. అంటే సెన్సర్ అబద్ధం చెప్పడం లేదు. నీ బండిలోనూ ముందు ఈ పోలిక చూడు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఆ రెండు అంకెలకూ చాలా తేడా ఉంటే వాల్వ్ జోలికి పోకుండా సెన్సర్ సంగతి చూడాలి. హైవే మీద ఇరవై నిమిషాలు తోలాక నాది 61. ఉండాల్సింది 85, 90 మధ్య. కొన్ని బండ్లలో ఈ దశలో లైటు వెలిగి పి 0128 అనే కోడ్ వస్తుంది, ఇంజిన్ రావాల్సిన వేడికి రావడం లేదని దాని అర్థం. నా బండిలో లైటే వెలగలేదు, అందుకే ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు.

ఇక్కడి మేస్త్రి కుర్రాడు చిన్నవాడే గానీ పని మీద శ్రద్ధ ఉన్నవాడు. వాల్వ్ ఉండే గూడు బోల్టులు విప్పాడు. లోపల ఏమీ లేదురా. వాల్వ్ బిగుసుకుపోవడం కాదు, అసలు వాల్వే లేదు! ఖాళీ గూడు.

అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట మే నెలలో విజయవాడ పెళ్ళికి వెళ్తుంటే బండి వేడెక్కి దారిలో ఒక షెడ్డులో ఆపాను, గుర్తుందా, నీకు ఫోన్ కూడా చేశాను. గంటలో బాగు చేసి పంపించేశాడు. ఏం చేశాడో చెప్పలేదు, నేనూ అడగలేదు. వాల్వ్ పీకేసి, నీళ్ళు పోసి పంపాడన్నమాట. మన ఎండలకు ఇది అక్కర్లేదని చాలా షెడ్డుల్లో మామూలుగా చేసే పనే ఇది. వేడెక్కడానికి అసలు కారణం రేడియేటర్ రేకుల మధ్య పేరుకున్న దుమ్ము. అది అలాగే ఉండిపోయింది. మొన్న ఈ కుర్రాడు కడిగితే మట్టి ముద్దలుగా ఊడింది.

నాకు బాధ కలిగించేది ఇదే. ఎండ దేశంలో ఉన్నామని ఇంజిన్ నుంచి ఒక భాగం తీసెయ్యడం వైద్యం కాదు. బయట 45 ఉన్నా లోపల 90 కావాలనే ఇంజిన్‌ని తయారు చేశారు. ఆ వేడి లేకపోతే ఆయిల్ చిక్కగానే ఉండిపోతుంది, కంప్యూటర్ ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని ఇంధనం ఎక్కువ పోస్తూ ఉంటుంది, లోపల చేరిన తేమ ఆవిరై పోదు. ఆయిల్ మూత తీసి చూస్తే అడుగున మీగడలా పసుపు ముద్ద పట్టి ఉంది. ఆ ముద్ద ఇంజిన్‌లో ఆయిల్, కూలెంట్ కలవకుండా అడ్డుండే హెడ్ గాస్కెట్ పోయినా వస్తుంది కాబట్టి మొదట కంగారు పడ్డాను, కూలెంట్ మట్టం తగ్గడం లేదని చూశాక కుదుటపడ్డాను. లీటరుకు 22 ఇచ్చే బండి 18కి దిగితే పాతబడిందిలే అనుకున్నాను. మీ బావమరిది కొత్త పొగ నిబంధనల బీఎస్ 6 డీజిల్ బండి కొన్నాడన్నావు కదా, అలాంటి వాటిలో అయితే ఇంజిన్ సరిగ్గా వేడెక్కకపోతే పొగ ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకోలేక మూసుకుపోతుంది. అతనికీ చెప్పు. ఇంకో సంగతి, కొన్ని ఇంజిన్లలో ఈ వాల్వ్ రెండో వైపు అడ్డదారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే నీళ్ళు రేడియేటర్‌కి పోకుండా ఆ అడ్డదారినే తిరిగి బండి ఇంకా వేడెక్కుతుంది.

కొత్త వాల్వ్ తెచ్చాక ఊరికే బిగించనివ్వలేదు. మా పక్కింటి మాస్టారిని అడిగి 110 డిగ్రీల దాకా చూపించే ల్యాబ్ థర్మామీటర్ తెచ్చాను. వాల్వ్‌ని దారం కట్టి గిన్నెలో నీళ్ళలోకి, అడుగు తగలకుండా వేలాడదీసి స్టౌ వెలిగించాను. దాని మీద 88 అని చెక్కి ఉంది. పిల్లలిద్దరూ గిన్నె చుట్టూ చేరారు. 80 అయింది, 85 అయింది, కదల్లేదు. 88 దాటుతుండగా అంచు దగ్గర సన్నని గీతలా వెలుగు కనపడి, అది మెల్లగా నోరు తెరిచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నీ తరగతిలో కూడా ఇది చేసి చూపించరా, వ్యాకోచం పాఠం పిల్లలు జన్మలో మర్చిపోరు.

పాత నీళ్ళు తీసేసి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించాను. హీటర్ ఎరుపులో పెట్టి బుడగలు ఆగేదాకా ఇంజిన్ ఆన్‌లోనే ఉంచాం, లేకపోతే లోపల గాలి చిక్కుకుంటుంది. తీసిన కూలెంట్ ఏదైనా ఉంటే మీ వీధి కుక్కలకు అందకుండా చూడు, తియ్యగా ఉంటుందని నాకుతాయి, అది విషం.

ఇప్పుడు పావుగంటలో ముల్లు మధ్యకు వచ్చి అక్కడే నిలబడుతోంది. ఫోన్లో 87, 89. హీటర్ గాలికి చెయ్యి కాలుతోంది.

కానీ అద్దాల కథ అక్కడితో అయిపోలేదు. వేడి వచ్చినా పొద్దున్నే తలుపు తీసేసరికి అద్దాల లోపల చెమట ఉంటోంది. ఎవరూ కూర్చోని బండిలో ఆవిరి ఎక్కడి నుంచి వస్తుంది? ఎడమ వైపు కాళ్ళ దగ్గర కార్పెట్ కింద చెయ్యి పెడితే తడి! వేడి కూలెంట్ తిరిగి హీటర్ గాలిని వెచ్చబరిచే భాగం, అదే హీటర్ కోర్, కారుతోందేమోనని గుండె జారింది, దానికి డాష్‌బోర్డు మొత్తం విప్పాలి. తెల్ల కాగితంతో అద్ది చూశాను. రంగు లేదు, జిడ్డు లేదు, తియ్యటి వాసనా లేదు. ఉత్త నీళ్ళు. ఏసీ నీళ్ళు బయటకు పోయే గొట్టం మట్టితో మూసుకుపోయి, నీళ్ళన్నీ లోపలికే కారాయి. మెత్తటి తీగతో గొట్టం శుభ్రం చేశాక చెంబెడు నీళ్ళు కిందకి కారాయి. కార్పెట్ ఎత్తి రెండు రోజులు ఎండబెట్టాను. ఏసీ ఫిల్టర్ కూడా బూజు పట్టి ఉంటే మార్చాను. నీ బండిలో కార్పెట్ కింద తప్పకుండా చూడు, పైన పొడిగా ఉన్నా కింద స్పాంజిలో నీళ్ళుంటాయి. అంటుకునే జిడ్డు, తియ్యటి వాసన, తగ్గుతున్న కూలెంట్, ఈ మూడూ కనిపిస్తే మాత్రం అది హీటర్ కోరే, ఆలస్యం చెయ్యకు.

బాగయ్యేలోపు నువ్వు రోజూ తోలాలి కాబట్టి ఇది గుర్తుంచుకో. లోపలి గాలే తిరిగే బటన్ ఆపేసి బయటి గాలి రానివ్వు. దుమ్ముకు భయపడి మనమంతా దాన్ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతాం, అందరి ఊపిరీ అద్దం మీదే చేరుతుంది. గాలిని ముందు అద్దం వైపు తిప్పి, ఏసీ ఆన్ చేసి, నాబ్ ఎరుపు వైపు పెట్టు. చలిలో ఏసీ ఏంటని అడగకు, ఏసీ గాలిలోని తేమను పిండేస్తుంది, హీటర్ ఆ పొడి గాలిని వేడి చేస్తుంది. అద్దం లోపలి మురికి కూడా తుడిచెయ్యి, మురికి మీదే ఆవిరి తొందరగా పడుతుంది. వానాకాలంలో ఏసీ వేసినప్పుడు పట్టే మసక మాత్రం బయటి వైపుది, దానికి వైపర్ వేసి ఏసీ కాస్త తగ్గిస్తే చాలు. వేలితో రాస్తే ఏ వైపో తెలుస్తుంది.

నీ స్కూలు 14 కిలోమీటర్లు. డీజిల్ ఇంజిన్ మెల్లగానే వేడెక్కుతుంది గానీ అంత దూరంలో ముల్లు మధ్యకు రావాల్సిందే. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి పై హోస్ మీద చెయ్యి పెట్టి నాకు వీడియో కాల్ చెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం. అందాకా మీ మేస్త్రిని ఏదీ పీకనివ్వకు. గూడు విప్పేటప్పుడు నువ్వు పక్కనే నిలబడు, లోపల వాల్వ్ ఉందో లేదో నీ కళ్ళతో చూడు.

అమ్మకు నా నమస్కారాలు చెప్పు. మీ వదిన నీకోసం బెల్లం సున్నుండలు కట్టి పెట్టింది, సంక్రాంతికి రాలేదు కదా, పార్సిల్ చేస్తాను.

నీ
రమణ