ఆ పత్రం ఎవరికి ఇవ్వాలి?

సంపాదకుడు గారికి,

‘లివింగ్ విల్’ గురించి గత వారం మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం చదివాను. కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటరు మీద ప్రాణం నిలబెట్టవద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును పెద్దలందరూ వినియోగించుకోవాలని హితవు చెప్పారు. వినియోగించుకోబోయినవారి గతేమిటో కూడా రాసి ఉంటే బాగుండేది.

సుప్రీంకోర్టు ఈ హక్కును 2018 మార్చి 9న గుర్తించింది. జ్యుడీషియల్ మేజిస్ట్రేటు సంతకం కావాలన్న నిబంధనను 2023 జనవరిలో సడలించి, ఇద్దరు సాక్షుల ఎదుట రాసి, నోటరీ చేతగానీ గెజిటెడ్ అధికారి చేతగానీ ధ్రువీకరింపజేసుకుంటే చాలన్నది. ఒక ప్రతిని స్థానిక సంస్థలో అందుకు నియమితుడైన అధికారి భద్రపరచాలని కూడా చెప్పింది. చిక్కంతా ఆ అధికారి దగ్గరే వచ్చింది.

నేనూ నా భార్యా నోటరీ చేయించిన పత్రాలు పట్టుకుని నగరంలోని ఒక కార్యాలయానికి (పేరెందుకు లెండి) వెళ్ళాము. గుమాస్తా వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, వీలునామాలైతే సబ్‌రిజిస్ట్రారు దగ్గరకు పొమ్మన్నాడు. ఇది ఆస్తి సంగతి కాదు బాబూ, చావు సంగతి అంటే, పక్క కౌంటరులోని అమ్మాయి, ‘మరణాలైతే ఇక్కడేనండీ, కానీ ఆసుపత్రి కాగితం ఉండాలి’ అన్నది. పాపం, ఆమెకు చెప్పినవారెవరు? చివరకు తపాలు విభాగంలో పడేసి వెళ్ళమన్నారు. రసీదు అడిగితే ఇలాంటివాటికి ఇవ్వరట!

కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులమైన మేము ఏటా నవంబరులో బతికే ఉన్నామని రుజువు చేసుకోవాలి. అరిగిపోయిన వేలిముద్రలను యంత్రం ఒప్పుకోకపోతే మళ్ళీ మళ్ళీ నొక్కించడానికి సిబ్బందికి ఓపిక ఉంటుంది గానీ, ఎలా పోవాలనుకుంటున్నామో రాసిస్తే అందుకునే చెయ్యి మాత్రం ఈ స్మార్ట్ సిటీలో కనిపించదు.

రాసిచ్చినంత మాత్రాన వైద్యం అప్పటికప్పుడు ఆపేయరు. రోగి నిర్ణయం చెప్పలేని స్థితికి చేరినప్పుడే పత్రం అక్కరకొస్తుంది. అప్పుడు కూడా ముందు ఆసుపత్రిలోని ముగ్గురు వైద్యుల బోర్డు, తరువాత జిల్లా వైద్యాధికారి నామినేట్ చేసిన వైద్యుడున్న రెండో బోర్డు అంగీకరించాలి. ప్రాణం తీయడానికి ఇంజెక్షన్ ఇవ్వడం నేటికీ నేరమే. కనుక దుర్వినియోగం అవుతుందని భయపెట్టేవారు ఆ నిబంధనలు ఒకసారి చదవాలి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచీ, కోరాపుట్ నుంచీ రోగులు విశాఖకే వస్తారు. ఇక్కడి ఐసీయూల బయట ప్లాస్టిక్ కుర్చీల్లో జాగారం చేసే కొడుకులనూ కూతుళ్ళనూ చూస్తే సంగతి బోధపడుతుంది. పొలం అమ్మిన డబ్బు ఉన్నంతవరకు వైద్యం. అది అయిపోయిన పూట ‘మా ఇష్టపూర్వకంగానే తీసుకుపోతున్నాము’ అని ఒక సంతకం, అంబులెన్సులో ఒక ఆక్సిజన్ సిలిండరు. ఆ సంతకానికి ఏ బోర్డూ అక్కరలేదు, రోగి ఏమనుకున్నాడో అడిగే నాథుడూ ఉండడు.

కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో తీర్పు అమలుపై ఉత్తర్వు జారీ చేసింది. మన నగరపాలక సంస్థలో ఈ పత్రాలు అందుకునే అధికారి ఎవరో, ఏ అంతస్తులో ఏ వేళల్లో ఉంటారో ప్రతి వార్డు సచివాలయంలో ఒక బోర్డు మీద రాయించడానికి పెద్ద నిధులేమీ అక్కరలేదు, పత్రం ఇచ్చినవారికి ముద్ర వేసిన రసీదు ఇవ్వడానికి అసలే అక్కరలేదు. అధికారులకు తీరిక లేకపోతే, హితవు చెప్పిన మీ విలేకరి అయినా ఆ వివరం కనుక్కుని అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం