సోలార్‌లో అద్దెకున్నవాళ్ల వాటా ఏది?

సంపాదకుడి గారికి,

నమస్కారం. మన దేశంలో సోలార్ సామర్థ్యం 100 గిగావాట్లు దాటిందని 2025 మొదట్లో పత్రికలన్నీ రాశాయి. ఇంచుమించు అదే రోజుల్లో నేనుంటున్న జర్మనీ కూడా ఆ గీత దాటింది. ఇక్కడి జనాభా ఎనిమిదిన్నర కోట్లు కూడా లేదు. ఎండ చూస్తే, రాయలసీమలో ఏడాది పొడవునా కాసేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. నవంబరు వచ్చిందంటే సూర్యుడు మొహం చాటేస్తాడు. అయినా 2024లో ఈ దేశం తయారుచేసుకున్న కరెంటులో దాదాపు ఏడో వంతు సోలార్‌దే.

మన దగ్గర జర్మనీ ప్రస్తావన వస్తే మాటలన్నీ ఈ గిగావాట్ల చుట్టూనే తిరుగుతాయి. లైప్‌జిగ్‌లో అద్దె ఇంట్లో ఉంటున్న నాకు మాత్రం ఇంకో లెక్క ముఖ్యమనిపిస్తుంది. ఇది ఎవరి డబ్బుతో, ఎవరి పైకప్పుల మీద పెరిగిందన్నది.

2000లో వచ్చిన పునరుత్పాదక ఇంధన చట్టంతో ఇక్కడ కథ మలుపు తిరిగింది. డాబా మీద తయారైన ప్రతి యూనిట్‌నూ 20 ఏళ్లపాటు ఒకే ధరకు కొంటామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. 2004లో చిన్న ప్లాంట్లకు ఆ ధర యూనిట్‌కు 57 సెంట్లు (యూరోలో వందో వంతు ఒక సెంటు). అప్పుడు ఇళ్లకు అమ్మే కరెంటు రేటు అందులో మూడో వంతు దగ్గర ఉండేది. ఇంకేం, సొంత ఇల్లున్నవాళ్లు కదిలారు, బవేరియా రైతులు పశువుల కొట్టాలను కూడా ప్యానెళ్లతో కప్పేశారు. ఈ డబ్బు ఖజానాలోంచి రాలేదు. ప్రతి ఇంటి కరెంటు బిల్లులో సర్‌ఛార్జీగా పడింది. 2017లో అది యూనిట్‌కు 6.88 సెంట్ల దాకా వెళ్లింది. కరెంటు బాగా తాగే పరిశ్రమలకు మినహాయింపులిచ్చారు కానీ, రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాడికి ఇవ్వలేదు. సగానికి పైగా జనం అద్దె ఇళ్లలోనే ఉండే దేశం ఇది. అంటే డాబా లేనివాళ్లు డాబా ఉన్నవాళ్లకు ఇరవై ఏళ్లకు పైగా చందాలు కట్టారు. 2022 జూలైలో ఆ సర్‌ఛార్జీ తీసేసి భారాన్ని బడ్జెట్‌కు మార్చారు.

ఆ డబ్బు వృథా అయిందని నేననను. ప్యానెళ్ల ధర ప్రపంచమంతటా పడిపోవడానికి మొదటి పెద్ద గిరాకీ ఇక్కడి నుంచే వచ్చింది. ఓర్వకల్లు దగ్గరి సోలార్ పార్కు చౌకగా నిలబడిందంటే అందులో జర్మన్ అద్దెదారుల చిల్లర కూడా కొంత ఉంది. సొంత పరిశ్రమను మాత్రం వీళ్లు కాపాడుకోలేకపోయారు. ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్ద సోలార్ సెల్ కంపెనీ అనిపించుకున్న క్యూ-సెల్స్ 2012లో దివాలా తీసి కొరియా వాళ్ల చేతికి పోయింది.

అద్దెవాళ్ల వంతు ఇప్పుడిప్పుడే వస్తోంది, అదీ బాల్కనీ రూపంలో. రెండు ప్యానెళ్లను బాల్కనీ కమ్మీలకు కొక్కేలతో బిగిస్తారు. వెనక ప్యానెల్ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే చిన్న ఇన్వర్టర్, దాని నుంచి ఒక వైరు, చివర మామూలు ప్లగ్గు. దాన్ని గోడ సాకెట్‌లో పెడితే చాలు, పగలు ఫ్రిజ్, వైఫై, లాప్‌టాప్ ముందు ఆ కరెంటే వాడుకుంటాయి. ఈ సామాను ఆల్డీ, లిడిల్ సూపర్‌మార్కెట్లలో కూడా అమ్మారు. 2023 నుంచి దీనిపై వ్యాట్ సున్నా. 2024 మేలో వచ్చిన చట్టం 800 వాట్ల ఇన్వర్టర్ దాకా పనిని తేలిక చేసింది. ఆన్‌లైన్ రిజిస్టర్‌లో మనమే నమోదు చేసుకుంటే చాలు. వాడగా మిగిలిన కరెంటు బయటి లైన్లోకి పోయి పాత చక్రం మీటరు వెనక్కి తిరిగినా, కొత్తది బిగించేదాకా చట్టం చూసీ చూడనట్టు ఊరుకుంటుంది! దక్షిణం వైపు నీడ లేకుంటే ఏడాదికి 600 నుంచి 800 యూనిట్లు వస్తాయి.

అసలు చిక్కు ఇంటి ఓనరుతో ఉండేది. భవనం అందం పాడవుతుందని ఆయనంటే అంతటితో సరి. 2024 అక్టోబరులో చట్టాన్ని సవరించి, బాల్కనీ సోలార్‌కు అనుమతి అడగడం అద్దెదారు హక్కని తేల్చారు. ఎలా బిగించాలో ఓనరు చెప్పవచ్చు, సరైన కారణం లేకుండా వద్దనకూడదు. 2025 మధ్యకల్లా నమోదైనవే పది లక్షలు దాటాయి.

ఇక్కడా అంతా సజావుగా లేదు. ఎండ మండే మధ్యాహ్నాల్లో కరెంటు పొంగిపోయి, 2024లో 457 గంటలపాటు హోల్‌సేల్ ధర సున్నా కంటే కిందికి పోయింది, అంటే అమ్మేవాడే కొనేవాడికి ఎదురు డబ్బిచ్చే పరిస్థితి. అలాంటి వేళల్లో కొత్త ప్లాంట్లకు డబ్బివ్వబోమని 2025 ఫిబ్రవరిలో చట్టం చేయాల్సి వచ్చింది. స్మార్ట్ మీటర్ల విషయంలో జర్మనీ ఇంకా నత్తనడకే.

ఇక మన సంగతి. పీఎం సూర్యఘర్ పథకం 75,021 కోట్లది. మూడు కిలోవాట్లు పెట్టుకుంటే 78 వేల రాయితీ, కానీ సొంత ఇల్లు, దానికి తగిన పైకప్పు ఉండాలి. అపార్ట్‌మెంట్ సంఘాలకు ఇచ్చేది లిఫ్టు, మోటారు లాంటి ఉమ్మడి వాడకానికే. కూకట్‌పల్లిలో మూడో అంతస్తులో అద్దెకుండే కుటుంబం పన్ను కడుతుంది, రాయితీ మాత్రం ఎదురింటి డాబాకు పోతుంది. జర్మనీ ఇరవై ఏళ్లు నడిచిన దారే ఇది.

రెండు రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్లు 800 వాట్ల లోపు బాల్కనీ సోలార్‌కు విడిగా ఒక నిబంధన రాయాలి. అందులో మూడు సంగతులు తప్పక ఉండాలి. మన ఇళ్లలోని చాలా ఎలక్ట్రానిక్ మీటర్లు కరెంటు ఎటు పారినా వాడకం కిందే లెక్కేస్తాయి. కాబట్టి మీటరు మార్చే బాధ్యత, ఖర్చు డిస్కంలవని రాయాలి. కరెంటు పోగానే ఇన్వర్టర్ దానంతటది ఆగిపోవాలి, లేకపోతే ఆ కరెంటు బయటి తీగల్లోకి పారి స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. (కరెంటు కోతలప్పుడు ఇది ఆదుకుంటుందని ఎవరైనా చెప్పి అమ్మజూస్తే నమ్మకండి.) విశాఖ లాంటి చోట్ల తుపాను గాలికి తట్టుకునేలా బిగింపు ఎలా ఉండాలో కూడా అందులోనే చెప్పాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
లైప్‌జిగ్, జర్మనీ