రక్షణ బిల్లులో చదవాల్సింది అంకె ఒక్కటే కాదు

సంపాదకుల గారికి,

నమస్కారం. అమెరికా విదేశాంగ విధానం, రక్షణ ఖర్చు మీద మీరు అచ్చేసిన ఆచార్యుల వ్యాసం చాలావరకు సరైన దారిలోనే ఉంది. 1961 జనవరి 17న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ వీడ్కోలు ప్రసంగంలో చేసిన హెచ్చరికతో మొదలుపెట్టి, ఆయుధ కంపెనీలకూ అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కూ ఉన్న పొత్తును చక్కగా విప్పారు. చిక్కల్లా అంకెల దగ్గరే. ఒక పేరాలో రక్షణ ఖర్చు 88,600 కోట్ల డాలర్లు అన్నారు, కాస్త కిందికి రాగానే 99,700 కోట్లు అన్నారు. రెండూ తప్పు కాదు. కానీ రెండూ ఒకే పద్దువి కావు.

మొదటిది 2024 ఆర్థిక సంవత్సరానికి కాంగ్రెస్ చేసిన రక్షణ ఆథరైజేషన్ (ఖర్చుకు అనుమతి) చట్టంలోది. అక్కడ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. రెండోది స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి 2024 క్యాలెండర్ సంవత్సరానికి వేసిన లెక్క. ప్రపంచ సైనిక ఖర్చులో అది 37 శాతం. విదేశాలకిచ్చే సైనిక సాయాన్ని కూడా సిప్రి కలుపుకుంటుంది. అణు వార్‌హెడ్ల పని పెంటగాన్‌ది (రక్షణ శాఖది) కాదు, ఇంధన శాఖది. దాన్ని కలిపారా లేదా అన్నదాన్ని బట్టే అంకె మారిపోతుంది. మాజీ సైనికుల శాఖ ఖర్చు ఏటా 30,000 కోట్ల డాలర్ల పైమాటే. అది ఈ రెండు లెక్కల్లోనూ లేదు. యుద్ధం ఖరీదు అసలు తేలేది అక్కడే అనుకుంటే, వ్యాసం ఆ పద్దును ముట్టుకోనే లేదు.

ఆథరైజేషన్ అంటే డబ్బు కాదన్న సంగతి కూడా వ్యాసంలో జారిపోయింది. మన దగ్గర పనికి పరిపాలనా ఆమోదం వచ్చినంత మాత్రాన ట్రెజరీలో బిల్లు పాసైనట్టు కాదు గదా! అక్కడా అంతే. సాయుధ దళాల కమిటీలు అనుమతి రాస్తాయి, డబ్బు విడుదల చేసే బిల్లును అప్రోప్రియేషన్స్ కమిటీలు విడిగా రాస్తాయి. ఆ రెండో బిల్లు అక్టోబరు 1 లోపు తెమలకపోతే పాత రేట్ల మీదే బండి నడిపే తాత్కాలిక తీర్మానం పెడతారు. దాని కింద మామూలుగా కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టకూడదు, ఉత్పత్తి వేగం పెంచకూడదు. 2025 ఆర్థిక సంవత్సరమైతే పెంటగాన్ ఏడాది పొడుగునా అలాంటి తీర్మానం మీదే నడిచింది. అంతకు ముందు ఎన్నడూ అలా జరగలేదు. అంకె ఎంత పెద్దదైనా ఫిరంగి గుండ్లు వేళకు ఎందుకు తయారు కావన్న ప్రశ్నకు జవాబులో ఒక ముక్క ఇక్కడుంది.

మనతో పోల్చినచోట ఇంకో పొరపాటు. మన రక్షణ శాఖకు 2024-25లో కేటాయించిన 6.21 లక్షల కోట్ల రూపాయల్లో పింఛన్లకే 1.41 లక్షల కోట్లు పోతాయి. పింఛన్ల పద్దు రెండు దేశాల్లో ఒకేలా ఉండదు కాబట్టి, దాన్ని పక్కన పెట్టకుండా అమెరికా ఖర్చు మనకన్నా ఎన్ని రెట్లో చెప్పడం కుదరదు.

ఉక్రెయిన్ సాయం గురించి రాసినప్పుడు 2023 జూన్ సంగతి చెప్పి ఉండాల్సింది. పాత నిల్వల్లోంచి పంపిన ఆయుధాలకు పెంటగాన్ లెక్కల పుస్తకంలో మిగిలిన విలువ వేయాల్సింది పోయి, కొత్తది కొంటే ఎంతవుతుందో ఆ ధర వేశారు. ఆ తప్పు సరిదిద్దేసరికి 620 కోట్ల డాలర్ల తేడా బయటపడింది. అంటే ఇంకా అంత సరుకు పంపే వీలు మిగిలిందన్నమాట. 2018లో పూర్తి ఆడిట్ మొదలైనప్పటి నుంచి 2024 దాకా వరుసగా ఏడుసార్లు గట్టెక్కలేకపోయిన శాఖలో ఇది వింతేమీ కాదు.

ఇక అసలు లోటు. రక్షణ బిల్లును ఆచార్యులు కొనుగోళ్ల చీటీలా చదివారు. ఏ ఆయుధానికి ఎంతన్న పట్టికలు ఆ చట్టంలో ఒక భాగం మాత్రమే. మిగతా వందల పేజీల్లో షరతులూ నిషేధాలూ బోలెడు. మనకు తగిలిన దెబ్బ అక్కడి నుంచే వచ్చింది.

శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నా నెల్లూరు వాళ్లకు అక్కడి రాకెట్ ప్రయోగ కేంద్రం మన షారే. 1990 నవంబరులో సంతకమైన రక్షణ ఆథరైజేషన్ చట్టంలో క్షిపణి టెక్నాలజీ ఎగుమతుల మీద ఆంక్షల అధ్యాయాన్ని చేర్చారు. రెండు నెలలకే, 1991 జనవరిలో, క్రయోజనిక్ ఇంజిన్ల (అతి చల్లటి ద్రవ ఇంధనంతో నడిచే రాకెట్ ఇంజిన్ల) కోసం ఇస్రో అప్పటి సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఒప్పందం చేసుకుంది. 1992 మేలో అమెరికా ఆ అధ్యాయాన్నే ప్రయోగించి రెండు సంస్థల మీదా రెండేళ్లు ఆంక్షలు పెట్టింది. 1993లో రష్యా టెక్నాలజీ ఇవ్వకుండా వెనక్కి తగ్గింది. చివరికి మనకు దక్కినవి తయారైన ఏడు స్టేజీలు (రాకెట్ దశలు). వాటిలో ఒకదానితో 2001 ఏప్రిల్ 18న తొలి జీఎస్‌ఎల్‌వీ రాకెట్ ఎగిరింది. మన సొంత క్రయోజనిక్ స్టేజీ 2010 ఏప్రిల్‌లో విఫలమై, 2014 జనవరి 5న గెలిచింది. ఈ కథలో ఒక్క డాలరు ఖర్చు పద్దు కూడా లేదు, ఒక అధ్యాయం ఉంది, అంతే.

రష్యా నుంచి మనం కొన్న ఎస్-400 గగనతల రక్షణ క్షిపణుల వ్యవహారమూ ఇలాంటిదే. రష్యా నుంచి ఆయుధాలు కొనేవారి మీద ఆంక్షలకు 2017లో వేరే చట్టం చేశారు. అదే క్షిపణి కొన్నందుకు 2020 డిసెంబరులో తుర్కియే మీద ప్రయోగించారు, మన మీద ప్రయోగించలేదు. మనకు మినహాయింపు ఇమ్మనే సవరణను 2022 జులైలో రక్షణ బిల్లుకు తగిలించి ప్రతినిధుల సభ 330-99తో ఆమోదించింది. తుది చట్టంలో అది లేదు. మన పత్రికలు సభలో గెలిచిన రోజున పెద్ద హెడ్డింగులు పెట్టాయి గానీ, రాలిపోయిన రోజున ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

రొయ్యల సుంకాన్ని రక్షణ ఖాతాలో వేయలేం గానీ, విదేశాంగ విధానం మీద వ్యాసం రాస్తూ దాన్ని వదిలేస్తే ఇందుకూరుపేట, కొత్తపట్నం చెరువుల దగ్గర ఎవరూ ఒప్పుకోరు. 2025 ఆగస్టులో పడిన 50 శాతంలో సగం రష్యా చమురు కొంటున్నామని వేసిందే. 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం పేరు చెప్పి అధ్యక్షుడు ఒక్క ఉత్తర్వుతో వేశారు, కాంగ్రెస్ ఓటు లేకుండా. రేవులో సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారే. అయితే ఆ భారం ప్రాసెసింగ్ ప్లాంటు మీదుగా వెనక్కి దొర్లి చెరువు గట్టు మీద కౌంటు ధరలో (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్కన కట్టే ధరలో) కోతగా తేలింది. మరీ చౌకగా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్, ప్రభుత్వ రాయితీలకు విరుగుడుగా వేసే కౌంటర్‌వేలింగ్ సుంకాలు అందుకు ముందే ఉన్నాయి, అవి అప్పుడు దీనికి అదనం.

రక్షణ బిల్లు మీద సంతకం మామూలుగా డిసెంబరులో జరుగుతుంది. మొత్తం పాఠం కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఈసారి మొత్తం అంకెతో పాటు, బిల్లులో ఇండియా అన్న మాట ఉన్న సెక్షన్లను, రెండు సభల రూపాల్లో ఉండి తుది రూపంలో లేనివాటిని పక్కపక్కన పెట్టి అచ్చేయగలరని మనవి.

ఇట్లు,
ఓ పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా.