వార్షిక నివేదిక: ఊరేగింపు కుదరని రోజుల్లో ఉద్యమం

సభ్య మిత్రులకు నమస్కారం.

సభకు అనుమతి దొరకనప్పుడు, నలుగురు గుమిగూడితేనే కేసు పడేటప్పుడు ఉద్యమాలు ఏం చేశాయన్నదే ఈ ఏడాది మన అధ్యయన తరగతుల అంశం. జనాన్ని ఒకచోటికి చేర్చలేకపోతే ఒకే సమయానికి చేర్చాలి అన్నది చర్చల్లో బలంగా తేలిన మాట.

పినోచెట్ సైనిక పాలన కింద ఉన్న చిలీలో 1983లో రాగి గని కార్మిక సంఘాలు సమ్మెకు పిలుపిచ్చాయి. గనుల దగ్గరికి సైన్యం వచ్చేసరికి రక్తపాతం జరుగుతుందన్న భయంతో నాయకులు పిలుపు మార్చారు. మే 11న పిల్లల్ని బడికి పంపొద్దు, ఏమీ కొనొద్దు, రాత్రి 8 గంటలకు గిన్నెలు మోగించండి అన్నారు. చీకట్లో ఎవరింట్లో మోగుతోందో పట్టుకోవడం కష్టం. కానీ వీధంతా మనవైపే ఉందని చెవికి తెలుస్తుంది. భయం వదిలేది అక్కడే.

పోలండ్‌లో సైనిక పాలన కింద 1982 ఫిబ్రవరిలో ష్విద్నిక్ పట్టణవాసులు ప్రభుత్వ వార్తలు చూడబోమని చెప్పడానికి, సరిగ్గా రాత్రి 7:30 టీవీ వార్తల వేళ షికారుకు బయల్దేరారు. కొందరు టీవీని కిటికీలో వీధివైపు తిప్పి పెట్టారు. కర్ఫ్యూను సాయంత్రం 7 గంటలకే మొదలుపెడితే, 5 గంటల వార్తల వేళకు షికారు మార్చుకున్నారు.

అర్జెంటీనా తల్లుల కథ దగ్గర ఎక్కువసేపు ఆగాం. సైనిక పాలకులు ఎత్తుకుపోయి మాయం చేసిన బిడ్డల ఆచూకీ అడుగుతూ 1977 ఏప్రిల్ 30న రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో అధ్యక్ష భవనం ఎదుటి కూడలి ప్లాజా దె మాయోలో చేరారు. గుంపుగా నిలబడొద్దు, కదలండి అని పోలీసులంటే జంటలుగా చేయి చేయి పట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. ఆ ఆజ్ఞే వారి నడక అయింది. అదే డిసెంబరులో, మాయమైనవారి తమ్ముడినంటూ చేరిన నౌకాదళ అధికారి ఆస్తిజ్ గుర్తించి చూపినందువల్ల ముగ్గురు తల్లులతో సహా 12 మందిని ఎత్తుకుపోయారు. కొత్తవారి ముందు మొత్తం పేర్ల జాబితా పెట్టకూడదన్నది ఇక్కడ నేర్చుకోవలసిన పాఠం.

సభ్యుల కోసం తయారుచేసిన కరపత్రంలో ఈ పద్ధతి రాశాం. కార్యక్రమం 10, 15 నిమిషాలు దాటకూడదు, ముగిసే వేళ ముందే చెప్పాలి. ఇంట్లో ఉన్న వస్తువుతోనే కావాలి, మంచంమీది ముసలివారికీ సాధ్యపడాలి. కబురు ఒక్కొక్కరు ముగ్గురికి అందించాలి. ప్రతివారికీ కబురు రెండు వైపులనుంచి రావాలి. ఒకే దారి ఉంటే, ఆ మనిషిని అరెస్టు చేసిన రోజున కింది కొమ్మంతా మూగబోతుంది. గ్రూపు మొత్తం ఒక్కరి ఫోనులో ఉండటమూ ఇంతే ప్రమాదం.

రోజూ గిన్నెలు మోగిస్తే చప్పుడు పలచబడుతుంది. పలచబడ్డ చప్పుడు ఎదుటివారికి ధైర్యమిస్తుంది. మరో చిక్కు, గుర్తు మిగిలి డిమాండు మరుగున పడటం. అందుకే ప్రతి పిలుపులోనూ డిమాండు ఒక్క వాక్యంలో ఉండాలని కమిటీ గట్టిగా కోరుతోంది.

సర్వసభ్య సమావేశం ముందు రెండు తీర్మానాలు పెడుతున్నాం: మూడు నెలలకోసారి కబురు గొలుసును పరీక్షించడం, అరెస్టయినవారి ఇళ్లకు సరుకులు, లాయరు ఫీజు కోసం విడిగా నిధి ఉంచడం. రెండోదానికి ఈ ఏడాదే ఆమోదం కావాలి.

— కార్యవర్గం